గడ్డిభటుల తోటలో ఓడసొర

శంబరదత్తుడంతటి నీతిమాలిన దొంగ కేసరావతీ రాజ్యంలో అంతకుముందు పుట్టలేదు, ఆ తరువాత పుట్టబోడు. దారికాచి మూటలు కొట్టేవాడు కనీసం ఎదురుపడి కర్ర చూపిస్తాడు. ఇంటికి కన్నం వేసేవాడు కుక్క మొరిగితే పారిపోతాడు. ఈ శంబరదత్తుడు మాత్రం పట్టపగలు, నుదుట విభూతి పూసుకుని, వేలికి రాజముద్ర ఉంగరం తొడుక్కుని, ఒక పేదవాడి ఇరవై ఏళ్ల చాకిరీని చంకన పెట్టుకుని పోయాడు. పోతూ పోతూ, "ఈ పిచ్చివాణ్ణి వాకిలవతలికి నెట్టండి" అని కూడా అన్నాడు.

మాచయ ఈ మాటలన్నీ మనసులోనే నమిలి మింగుతున్నాడు. పైకి అనడానికి వీల్లేదు. అతని తల మీద సున్నపు బొట్లు పెట్టిన కుండ బోర్లించి ఉంది. ఒంటి నిండా వరిగడ్డి చుట్టి ఉంది. చేతిలో కొడవలి ఉంది. అటు ఇటు అచ్చం అలాంటి గడ్డిబొమ్మలే వరసగా నిలబడి ఉన్నాయి. తేడా ఒక్కటే. అవి చెమట పట్టని బొమ్మలు. మాచయకు మిట్టమధ్యాహ్నం నుంచి చెమట ధారకడుతోంది.

కేసరావతిలో ఒక ఆచారం ఉంది. ఎవరు కొత్తరకం మొక్కను పుట్టించినా దాన్ని తెచ్చి రాజుగారి పరీక్షావనంలో ఒక మడిలో నాటాలి. మడి మూలన తన గుర్తు చెక్కిన మేకు పాతాలి. ఆ మొక్క పూచి, కాచి, గాలికీ పురుగుకూ తట్టుకుని నిలబడితే దానికి నామకరణం జరుగుతుంది. పుట్టించినవాడు రాజు ఎదుట తీగ మీద చెయ్యి వేసి, విచ్చుకుంటున్న పువ్వులో నోరుపెట్టి, మూడుసార్లు పేరు పిలవాలి. శంఖం ఊదుతారు. అంతటితో మొక్క అతనిదైపోతుంది. మొక్క ఒక్కటే కాదు, అది భూమ్మీద మొట్టమొదట మొలిచిన నేల కూడా పన్నులేని మాన్యంగా అతనికే దక్కుతుంది.

పూర్వం ఏ రాజో సేద్యగాళ్ల మేలుకోరి పెట్టిన కట్టుబాటు అది. శంబరదత్తుడు వనాధ్యక్షుడయ్యాక అదే ఉరితాడైంది. మాచయ తారావళీ నదిలోని తన లంకలో, అడవి చేదుసొరనూ పెరటిసొరనూ కలిపి, ఏనుగు గున్నంత కాయ కాసే సొరను పుట్టించాడు. దాని డొల్ల ఎండితే ఇద్దరు మనుషుల్ని మోసుకుని వరద నీళ్లలో తేలుతుంది, పగలదు, మునగదు. రేవు సుంకం కట్టలేక ఈదబోయిన లంకవాళ్లు ఏటా నదిపాలవుతుంటే, మాచయ తమ్ముడు కూడా అలాగే పోయాడు. అందుకే ఆ సొరను పుట్టించాడు. ఓడసొర అని లంకవాళ్లు ముద్దుగా పిలుచుకున్నారు గాని, పేరు పడకముందు గింజ పంచరాదు గనుక ఎవరి పెరట్లోనూ అది మొలవలేదు. తెచ్చి వనంలో నాటాడో లేదో, శంబరదత్తుడు మాచయ మేకు పీకించి తన మేకు దిగ్గొట్టించాడు. నేడు నామకరణం. పొద్దువాలి సొరపువ్వు విచ్చుకునేసరికి మొక్కా పోతుంది, లంకలో చేనూ పోతుంది.

"పోనిస్తానా?" అని కుండలో పళ్లు కొరికాడు మాచయ.

ఆ సాయంత్రం పరీక్షావనం చూడటానికి రెండు కళ్లు చాలవు. నది ఒడ్డున కొండను మెట్లు మెట్లుగా తొలిచి కట్టిన తోట అది. అట్టడుగు మెట్టులో గంటగంటకూ రంగుమారే గులాబీలు, ఉదయం పాలనురుగై, ఇప్పుడు కుంకుమై మెరుస్తున్నాయి. వాటి పైమెట్టులో పాడే వంకాయలు. గాలి వీచినప్పుడల్లా ఊదారంగు కాయలు ఒకదానికొకటి తగిలి తంబూరా శ్రుతి పలుకుతున్నాయి. ఒక మూల నిద్రమల్లె పందిరి. దాని కింద నడిచేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, లేకపోతే అక్కడే ఒరిగి గుర్రుపెడతారు. పడవంత దొప్ప విచ్చిన అరటి, చీకటిపడితే దీపంలా వెలిగే నిమ్మ, నీళ్లు తాగినప్పుడు కిచకిచమని నవ్వే తమలపాకు తీగ. జనం దారుల వెంట నడుస్తూ నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. చూడవచ్చు, ముట్టకూడదు. బయటికి పోయేటప్పుడు దులుపుడు వాకిలి దగ్గర ప్రతివాడూ కొంగులు విదిలించి, జుట్టు విప్పి, అరికాళ్లు చూపించాలి. నెమలి ఈకల చీపుళ్లు పట్టుకున్న ఆడవాళ్లు ఒళ్లంతా ఊడ్చి, ఒక్క గింజ కూడా బయటికి పోలేదని తేల్చుకుంటేనే వదులుతారు.

కాపలా మాత్రం గడ్డిభటులది. శంబరదత్తుడు వశీకరణ మంత్రంతో ప్రాణం పోసిన బొమ్మలవి. వాటికి జీతం లేదు, తిండి లేదు, ఎదురుమాట లేదు. శంబరదత్తుడికి అలాంటి మనుషులంటేనే ఇష్టం. అతను చిటికె వేస్తే చాలు, కొడవళ్లు లేస్తాయి.

అన్నిటికంటే పైమెట్టులో, మాచయ నిలబడ్డ వరసకు ఎదురుగా, రాతి అరుగు మీద, ఓడసొర కాయ కూర్చుని ఉంది. తీగ ఇంకా పచ్చగానే పందిరెక్కి పూస్తోంది గాని, కాయ మాత్రం ఎండి గోధుమరంగు తేలింది. నామకరణం రెండుసార్లు వాయిదాపడింది, రాజుగారి పంటిపోటు వల్ల. ముదరక ముందే కోసి దాచమని తోటమాలీలు మొత్తుకున్నారు. "రాజు వచ్చినప్పుడు తీగకు ఉండాలి, చూసి గుడ్లు తేలెయ్యాలి" అని శంబరదత్తుడు కొయ్యనివ్వలేదు. కొలువుతోటల్లో పెత్తనం చేసేవాళ్లకు ఉండే జబ్బే అది. కాయ ఎందుకు కాస్తుందో మరిచిపోయి, ఎలా కనిపిస్తుందో చూసుకుంటారు.

మాచయ గుడ్లప్పగించి కాయనే చూస్తుండగా, అతని పిక్కను ఎవరో లాగారు.

కుండ కన్నాల్లోంచి కిందికి చూశాడు. రాజుగారి పెంపుడు దుప్పి. మెడలో మువ్వలపట్టెడ, కొమ్ములకు బంగారు రేకులు. తీరిగ్గా అతని కాలిగడ్డి పీక్కుని నములుతోంది. పక్కనున్న అసలు గడ్డిభటుణ్ణి ముట్టదు. మంత్రపు గడ్డి దానికి చేదేమో! చీలమండ బయటపడింది. పిక్క బయటపడింది. ఇంకాసేపుంటే మోకాలు కూడా పడేలా ఉంది.

సరిగ్గా అప్పుడే ఎర్రపరికిణీ, చంకన పాముల బుట్టతో కురంగి వచ్చింది. కురంగి పాములాడించే పిల్ల. వరదలో కొట్టుకుపోతుంటే ఓడసొర డొల్ల విసిరి బతికించాడు మాచయ. ఆనాటి నుంచి అతన్ని అన్న అంటుంది, అన్నను అనవలసిన మాటలన్నీ అంటుంది. రాజుగారి వినోదానికి పాములాడిస్తానని చెప్పి లోపలికి వచ్చింది.

ఆమె దుప్పి ముందు చతికిలబడి, దాని వీపు నిమురుతూ, "ఏమే దుప్పమ్మా, గడ్డి రుచిగా ఉందా?" అంది. "చూసుకుని తిను తల్లీ. లోపల ముదురు మాంసం ఉంది, పళ్లు అరుగుతాయి."

"అమ్మీ, దాన్ని తోలు" అని కుండలోంచి గొణిగాడు మాచయ.

"తోలితే కొరడా దెబ్బలు. రాజుగారి దుప్పి. నీ కాలికంటే దాని మూతి ఖరీదు."

"మోకాలిదాకా వచ్చింది!"

"వస్తే రానీ. ఆ మోకాలు చూస్తే శంబరుడే జడుసుకు చస్తాడు, మన పని తేలిక."

"కురంగీ!"

"ఉండన్నా, అరవకు. గడ్డి అరవదు." ఆమె బుట్టమూత బెత్తెడు ఎత్తింది. లోపలినుంచి బుస్సుమని శబ్దం వచ్చింది. దుప్పి తోక నిటారుగా లేపి, మువ్వలు ఘల్లుమనిపిస్తూ, పాడే వంకాయల్లోకి దూకి పారిపోయింది. కురంగి నేలమీది గడ్డిపరకలు పోగేసి అతని పిక్కకు చుట్టి, తన జడకు కట్టిన తాడు విప్పి బిగించింది. "అన్నా, రాజుకు నిజం చెప్పెయ్. వింటే సరే. వినకపోతే నేను బుట్ట తిరగేస్తాను. ఆపైన కాళ్లకు పని."

బాకాలు మోగాయి. మణిధ్వజ మహారాజు పల్లకి దిగాడు. మనిషి బొద్దుగా, మంచివాడిలాగే ఉంటాడు. ఎవరి మనసూ నొప్పించడు, అందుకని ఎవరికీ న్యాయం చెయ్యడు. దవడకు లవంగ నూనె తడిపిన పట్టుగుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"ఆహా శంబరా, ఇది సొరకాయా, ఏనుగు గున్నా?" అన్నాడు, దవడ పట్టుకుని.

"తమ పాదసేవకుడి తపఃఫలం, మహాప్రభూ" అన్నాడు శంబరదత్తుడు. పొడుగ్గా, సన్నగా, పట్టుపంచెలో తెల్లగా మెరుస్తున్నాడు. మట్టి ఎప్పుడూ అంటని గోళ్లు. "పన్నెండేళ్లు ఉపవాసాలు చేసి పుట్టించాను."

"నీ ఉపవాసం నా లంకలో చేశావుట్రా!" అని కుండలో పళ్లు పటపటలాడించాడు మాచయ.

పొద్దు నది మీదికి వాలింది. పందిరి మీద తెల్లని సొరపువ్వు ఒకటి రేకులు విప్పింది. శంబరదత్తుడు తీగమీద చెయ్యి వేశాడు. పువ్వుకు నోరు ఆన్చాడు.

"శంబరసొర" అన్నాడు ఒకసారి.

"శంబరసొర" అన్నాడు రెండోసారి. శంఖం పట్టినవాడు బుగ్గలు పూరించాడు.

ధన్ మని కుండ పగిలింది. గడ్డిభటుల వరసలోంచి ఒకడు అరుగు ముందుకు దూకి, కొడవలి పిడితో తన తల తనే బద్దలు కొట్టుకున్నాడు. ముక్కల్లోంచి నెరిసిన మీసాలతో, చెమటతో, నిప్పుకణికల్లాంటి కళ్లతో ఒక ముఖం బయటికి వచ్చింది.

"ఆపరా దొంగా! మూడోసారి ఆ పేరు నీ నోట పలికితే నాలుక కోస్తాను!"

"గడ్డి మాట్లాడుతోందే!" అన్నాడు రాజు, నొప్పి మరిచిపోయి.

"గడ్డి కాదు మహాప్రభూ, మనిషిని. తారావళి లంక మాచయను. ఈ తీగ నేను పెంచిన బిడ్డ. నా మేకు పీకి ఈయన తన మేకు కొట్టుకున్నాడు. ఇప్పుడు నా చేను కూడా కొట్టేయబోతున్నాడు."

"ప్రభూ, ఇతను మతి చలించినవాడు" అన్నాడు శంబరదత్తుడు ఏమాత్రం తొణక్కుండా. "లోగడ కూడా ఇలాగే వచ్చి అల్లరి చేశాడు. జాలిపడి వదిలేశాను."

"జాలా? నీ జాలి నా వీపు మీద ఇంకా వాతలు తేలే ఉంది, చూపించమంటావా?"

రాజు ఇద్దరి వంకా చూశాడు. ఆకాశం వంక చూశాడు. దవడ మళ్లీ సలిపింది. "చూడు మాచయా, గొడవలెందుకు? పేరు శంబరుడిదే ఉండనీ, సగం దాకా పిలిచేశాడు కదా. నిన్ను తన కింద మాలీగా పెట్టుకుంటాడు. మీ లంకలో చేను నువ్వే కౌలుకు దున్నుకో. ఏడాదికి రెండు పంచెలు నేనిప్పిస్తాను. అందరికీ సంతోషం. ఏమంటావ్?"

జనంలోంచి ఎవరో, "ఒప్పుకో అయ్యా, రాజు నోట వచ్చాక కాదంటారా?" అన్నారు.

మాచయ కొడవలి ఎత్తి, దాని మొనతో నేల చూపించాడు. "నా తాతను పాతిపెట్టిన చేను ప్రభూ అది. నా చేను నేను కౌలుకు దున్నాలా? నా బిడ్డను ఎదుటివాడి పేరు పెట్టి పిలుస్తూ నీళ్లు పొయ్యాలా? మీ పంచెలు మీ దవడకు కట్టుకోండి, చలవ చేస్తుంది. నేను వంగను."

"వంచుతాను" అన్నాడు శంబరదత్తుడు. చిటికె వేశాడు.

వరసలోని గడ్డిభటులు ఒక్కసారిగా కదిలారు. గరగరమని గాలికి గడ్డివాము కదిలినట్టు చప్పుడు. ఒకడి కొడవలి మాచయ మెడ మీదికి వచ్చింది. మాచయ వంగాడు, రాజు కోసం కాదు, మెడ కోసం. ఆ కొడవలి వచ్చిన ఊపుకు వెనకనున్న సొరకాయ భుజం మీద పడి, ఎండిన డొల్లను తలుపులా చీల్చింది. లోపల ఖాళీ, మనిషి దూరేంత.

"కురంగీ, బుట్ట!"

బుట్ట తిరగబడింది. తాచులు, జెర్రిపోతులు, పసిరికలు నాలుగు దిక్కులా పారాయి. మంత్రులు పల్లకీ ఎక్కారు, పల్లకీ మోసేవాళ్లు పందిరి ఎక్కారు, రాజు కుర్చీ మీద నిలబడి, "పళ్లు పీకిన పాములేనా?" అని అరుస్తున్నాడు. పళ్లు లేవనే సంగతి కురంగికి తెలుసు. ఆమె చెప్పలేదు.

మాచయ ఒక్క వేటుతో తొడిమ కోశాడు. బిడ్డను కోసినంత బాధపడడానికి తీరిక లేదు. కురంగిని డొల్లలోకి నెట్టి, తనూ దూకి, కాలితో అరుగును తన్నాడు. కాయ దొర్లింది. ఒక మెట్టు దూకింది. నవ్వే తమలపాకు తీగను తొక్కితే అది పకపకమంది. మరో మెట్టు. పాడే వంకాయలు ఒక్కసారిగా గొంతెత్తి, రాగం తప్పి ఏడ్చాయి. నిద్రమల్లె పందిరి కింద దొర్లుతుంటే వెంటపడిన రాజుగారి మనిషిభటులు నలుగురు ఆవలించి అక్కడే ఒరిగారు. లోపల మాచయా కురంగీ ఒకరి మీద ఒకరు పడుతూ, "తల తియ్!", "కాలు నీదా నాదా?" అని తిట్టుకుంటున్నారు. దులుపుడు వాకిలి దగ్గర నెమలి చీపురు పట్టిన పెద్దావిడ అడ్డంగా నిలబడి, "దులుపుకోకుండా పోతున్నారేం? ఆగండి, ఆగండి!" అంది. ఆగలేదు. ఆమె పక్కకు దూకింది. కాయ వాకిలిని పెకలించుకుని, గోడ అంచు దాటి, గాలిలోకి లేచి, తారావళి నీళ్లలో దభీమని పడింది.

పడింది, మునిగింది, బుడుంగుమని పైకి తేలింది. చిల్లు పైకే ఉంది.

"తేలింది!" అని అరిచాడు మాచయ, నీళ్లు ఉమ్మి. "చూశావా? ఇద్దరు మనుషుల్ని మోసి తేలింది!"

"తేలింది సరే, వెనక చూడు" అంది కురంగి.

గోడ మీదినుంచి గడ్డిభటులు టపటపా నదిలోకి దూకుతున్నారు. గడ్డి మునగదు. ఒకడి చెయ్యి ఒకడు పట్టుకుని తెప్పలా అల్లుకున్నారు. ఆ తెప్ప నడుమ పట్టుపంచె ఎగరేస్తూ శంబరదత్తుడు నిలబడి మంత్రం చదువుతున్నాడు. ప్రవాహానికి కాళ్లు వచ్చినట్టు తెప్ప దూసుకొస్తోంది.

కాయ రేవు వైపు కొట్టుకుపోతోంది. రేవు నిండా జనం, పడవలు, గడ్డి మోపులు, చేపల గంపలు. అలజడికి అందరూ ఒడ్డుకు పరిగెత్తుకొచ్చారు. అప్పుడు మాచయ చేతికి కింద ఏదో గరగరమని తగిలింది. బెండులాంటి ఎండు గుజ్జు మధ్య, పిడికెళ్లకొద్దీ, పలకలుగా, బూడిదరంగు గింజలు. బాగా ముదిరిన గింజలు. కాయను కొయ్యనివ్వని ఆ శంబరుడే పండబెట్టి ఉంచిన గింజలు.

మాచయ వాటిని దోసిట్లోకి తీసుకున్నాడు. అతని ఆలోచన కురంగికి అర్థమైపోయింది. ఆమె మణికట్టు పట్టేసింది.

"అన్నా, వద్దు. పేరు పడకముందే గింజ జనంలోకి పోతే అది ఊరమొక్క అవుతుంది. ఇక ఎవరూ పేరు పెట్టడానికి లేదు."

"శంబరుడు కూడా పెట్టలేడు కదా?"

"నువ్వూ పెట్టలేవు! ఊరమొక్క పుట్టిన నేలకు యజమాని లేనట్టే, ఖజానాకు పోతుంది. నాలుగు గింజలు రొండిన దోపుకో, ఏరు దాటి పొరుగు రాజ్యంలో నాటుదాం. అక్కడి రాజు ముందు నీ పేరు నువ్వే పిలుచుకో. అక్కడ నీకు మాన్యం వస్తుంది."

"అక్కడా ఒక శంబరుడు ఉండడని నువ్వు చెప్పగలవా?"

కురంగి చెయ్యి వదిలింది.

మాచయ డొల్ల అంచు మీద కాలు పెట్టి లేచి నిలబడ్డాడు. మొదటి దోసెడు బెస్తవాళ్ల పడవ మీదికి విసిరాడు. గింజలు వడగళ్లలా రాలాయి. "పట్టుకోండి! పందిరి వేసుకోండి! ఈ కాయ ఎండబెడితే పడవ! ఇక సుంకం లేదు, ముంపు లేదు!" రెండో దోసెడు గుడ్డలుతికే ఆడవాళ్ల మీద. ఒకావిడ కొంగు పట్టింది. "ఎవరిదయ్యా ఈ గింజ?" అని కేకేసింది.

"నీదేనమ్మా! ఎవరూ అడగరు. ఎవడైనా అడిగితే మాచయ ఇచ్చాడని చెప్పు!"

"ఒద్దురా మూర్ఖుడా!" అని వెనక నుంచి శంబరదత్తుడు గొంతు చించుకున్నాడు. అతని ముఖంలో మొదటిసారి రంగు లేదు. "నీ చేను పోతుంది! విను, నీ చేను నీకే ఇప్పిస్తాను, ఆపు!"

"ఇందాక అడిగితే ఏమైంది నీ నోరు?" మూడో దోసెడు గడ్డి మోపుల బండి మీద, నాలుగోది చేపల గంపల్లోకి, అయిదోది గట్టునున్న పిల్లల తలల మీద. పిల్లలు కేరింతలు కొడుతూ మట్టిలో ఏరుకుంటున్నారు. ఏ నెమలి చీపురూ ఇంతమందిని దులపలేదు.

గడ్డితెప్ప కాయను తాకింది. తడిసిన గడ్డి చెయ్యి ఒకటి డొల్ల అంచు పట్టుకుంది. కురంగి పళ్లతో కొరికింది. మరో చెయ్యి మాచయ చీలమండ పట్టింది. అతను కొడవలితో నరికాడు. తెగిన చెయ్యి కాలికి అలాగే వేలాడుతోంది. ముందు, నది వంపు దగ్గర, నీళ్లు గుండ్రంగా తిరుగుతూ హోరుమంటున్నాయి. అది ఏనుగుసుడి, అందులోకి పోయిన పడవ తిరిగి వచ్చిన దాఖలా లేదు. కాయ దానివైపే లాగబడుతోంది, తెప్పతో సహా.

"అన్నా, సుడి!"

"చూశాను. గింజలింకా ఉన్నాయి, నువ్వూ విసురు!"

ఇద్దరూ రెండు చేతులా విసురుతున్నారు. అప్పుడే కోట బురుజు మీద నగారా మోగింది. గింజలు జనంలో పడటం రాజు కళ్లారా చూశాడు. కట్టుబాటు ప్రకారం చాటించక తప్పదు. చాటింపువాడి గొంతు నీళ్ల హోరు మీదుగా, మాట మాటకూ ఆగుతూ, లంకదాకా వినిపించింది. మాచయ చెయ్యి ఆగలేదు. తల ఎత్తి పూర్తిగా విన్నాడు, వింటూనే దోసెడు నింపుకున్నాడు.

"ఓడసొర ఊరమొక్క అయినది! దానికి ఇక పేరు లేదు, యజమాని లేడు! అది మొలిచిన నేల నేటినుంచి ఖజానా వశం! తారావళి లంకలో తూర్పుకొమ్మున మాచయ సాగులోని ఆరు తూముల విత్తనం పట్టే మెట్టచేను, దాని దిగువన రెండు తూముల వరిమడి, గట్టు మీది అయిదు తాటిచెట్లు!"